పుదీనా కషాయం

నిండు గ్లాసుడు గంజాయి కషాయం గటగటా తాగి, గేటు దాకా నిటారుగా నడిచి, గొళ్ళెం పెట్టి, మళ్ళీ నిటారుగా నడిచొచ్చి కుర్చీలో కూర్చున్న మొనగాడు మా వీధి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ మొనగాణ్ణి నేనే. అదీ ఈ ముసలి వయసులో, గుండెకు రెండు రకాల మాత్రలు మింగుతూ. కాచి ఇచ్చింది మా కోడలు. హైస్కూల్లో సైన్సు టీచరు. ఏటా బళ్ళో పిల్లలందరినీ కూర్చోబెట్టి గంజాయి వల్ల కలిగే అనర్థాల మీద ఉపన్యాసం ఇచ్చేది కూడా ఆమే. మరీ గట్టిగా నవ్వకండి, ఆమె వింటుంది. ఆ ఆదివారం నుంచి ఎవరు నవ్వినా తనని చూసే అనుకుంటోంది.

ఆదివారం అంటే మా ఇంట్లో అందరికీ సెలవు, కోడలికి చాకిరేవు. ‘మెషీన్ ఉంది కదా, నీకేం కష్టం’ అంటాడు మా వాడు. మెషీన్ ఉతుకుతుంది, కాదనను. కానీ తలుపు వెనక వేలాడే చొక్కాలు, కుర్చీ మీద ఆరేసిన తడి తువ్వాళ్ళు వాటంతట అవి నడిచొచ్చి అందులో దూకవు. ఏరాలి, తెల్లవీ రంగువీ విడదియ్యాలి, తిరగబడ్డ చేతులు సరిచెయ్యాలి, అన్నిటికంటే ముందు జేబులు ఖాళీ చెయ్యాలి. ఒకసారి మా వాడి జేబులో పెన్ను ఉండిపోయి ఆ వాయి బట్టలన్నీ నీలమయ్యాయి. పెన్ను మరిచిపోయినవాడిది కాదు తప్పు, చూసుకోనిదానిది అని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్పయింది. అప్పటినుంచి కోడలు ప్రతి జేబులోనూ వేళ్ళు పెట్టి అడుగుదాకా తడుముతుంది.

ఆ రోజు మా మనవరాలి జాకెట్ లోపలి జేబులో చిన్న ప్లాస్టిక్ కవరు తగిలింది. మనవరాలు డిగ్రీ మొదటి సంవత్సరం. పుట్టినప్పుడు పిడికెడు ఉండేదని పిచ్చుక అని పిలిచాను, ఇప్పుడు వంగితే గాని నా తల మీద ముద్దు పెట్టలేదు. కవర్లో ఎండి నలిగిన ఆకు ఉంది. కోడలి మొహం వెలిగిపోయింది. ఎందుకంటే రెండ్రోజుల క్రితం కూతురితో చెప్పింది, ‘కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఎండు పుదీనా పట్రావే, తాతకి దగ్గు తగ్గడం లేదు’ అని. చెప్పిందే గాని తెస్తుందని ఆశ పెట్టుకోలేదు. మా ఇంట్లో ఆమె చెప్పే మాటలు కొళాయి చప్పుడులాంటివి. వినబడుతూనే ఉంటాయి, ఎవరూ వినరు. అలాంటిది, రెండోసారి గుర్తుచెయ్యకుండా, బతిమాలకుండా, ఒక్కరు ఒక్క పని చేశారు. తెచ్చి ఇవ్వడం మరిచిపోయి ఉంటుంది పిచ్చి పిల్ల, తేవడం మాత్రం మరిచిపోలేదు అనుకుంది. నా కూతురికి నా మాట చెవికెక్కింది అనుకుంది. ఆమె మనసులోది నాకెలా తెలుసంటారా? తర్వాత ఆరిన బట్టలు మడతపెడుతూ తనే చెప్పింది. ‘మామయ్యా, మిగతావన్నీ మరిచిపోగలను. ఆ కవరు చూసి అంత సంతోషపడ్డానే, అది తలుచుకుంటేనే తల ఎత్తలేకపోతున్నాను’ అంది.

వాసన తెలియలేదా అని మీరు అడగొచ్చు. నా దగ్గు నాతో ఆగలేదు, జలుబై వెళ్ళి ఆమె ముక్కులో కాపురం పెట్టింది. ఇక ఆకు పోలిక అంటారా, ఆమె చూసిన గంజాయి అంతా బడి చార్టు మీద ఉన్న రంపపుటంచుల పచ్చటి బొమ్మే. పొడిగా నలిగినదాన్ని ఆమెకెవరు చూపించారు?

నీళ్ళు మరిగించి, ఆకు వేసి, తేనె కలిపి తెచ్చిచ్చింది. ‘మీ మనవరాలు తెచ్చింది మామయ్యా’ అంది గర్వంగా. నేను గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాను. అప్పుడే నిద్రలేచి వచ్చిన పిచ్చుక గుమ్మంలో ఆగింది. గాలి పీల్చింది. నా వైపు చూసింది. తర్వాత నాకు తెలిసిందల్లా నా చేతిలో గ్లాసు లేదని, గోడ మీద మరక ఉందని.

నిండు గ్లాసుడు తాగానన్నానా? పెదవి తడిసింది. గేటు దాకా నడవడం కూడా లేదు, నా పంచె మీద వేడి కషాయం పడితే లేచి గంతులేశాను. మొనగాడితనం అంతవరకే.

‘తాతా, తాగకు. అది పుదీనా కాదు.’

‘మరేంటే?’ అంది కోడలు.

పిల్ల వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది. కోడలు కూడా వంగి ఏరింది. మా ఇంట్లో ఏది పగిలినా వంగడం ఆమెకు అలవాటు.

మా వాడు ఫోన్ పట్టుకుని వచ్చాడు. విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. ముందు కూతురి మీద అరిచాడు. తర్వాత పెళ్ళాం వైపు తిరిగాడు. ‘ఊళ్ళో పిల్లలందరికీ నీతులు చెబుతావు, ఇంట్లో ఏం జరుగుతోందో చూడవా?’ మా ఆవిడ లోపలి గదిలోంచే అందుకుంది. ‘ఉద్యోగం ఉద్యోగం అని తిరిగితే ఇంతే. తల్లి కన్ను పిల్ల మీద ఉండాలి.’ ఈ రెండూ కోడలు ఎప్పుడో విన్న మాటలే, పిల్లకి మార్కులు తగ్గినప్పుడూ విన్నది, మా ఆవిడకి కాలు బెణికినప్పుడూ విన్నది. తట్టుకుంది. ఆఖరున మా వాడు నవ్వాడు చూడండి, దాన్ని తట్టుకోలేకపోయింది. ‘గంజాయికీ పుదీనాకీ తేడా తెలియని మనిషి గంజాయి మీద లెక్చరు’ అని నవ్వాడు.

గోడ మీద మరక తుడుస్తూ ఆమె ఆ నవ్వునే నమిలింది. నిజమే కదా, నాకేం తెలుసు అనుకుంది. తర్వాత నాతో అన్నది ఆమె మాటల్లోనే చెబుతాను. ప్రిన్సిపాల్ చేతికిచ్చిన కాగితాలు చదివాను. బడిలో ఎవరికీ అక్కర్లేని పని ఏదున్నా ‘మీరైతే అమ్మలా చెబుతారు మేడమ్’ అని నాకే వస్తుంది. తోటి మాస్టార్లు ఆ గంటలో టీ తాగుతారు. అమ్మలా చెప్పడం అంటే భయపెట్టడం అనుకున్నాను. ఒక్క దమ్ముకే పిచ్చెక్కుతుందని చెప్పాను. కాగితంలో అలా లేదు, నేనే కలిపాను, గట్టిగా ఉంటుందని. నా కూతురు ఆ బళ్ళోనే చదివింది, ఆ హాల్లోనే కూర్చుని విన్నది. ఏడాదిగా దాని కళ్ళ కింద నలుపు చూస్తున్నాను. ‘ఫోన్ తగ్గించు’ అన్నాను. ఇంకో మాట అడగలేదు. అడగడానికి మనిషి కావాలి, నాలో పొద్దుటికీ రాత్రికీ మధ్య పనిమనిషి తప్ప ఎవరూ మిగలడం లేదు. కానీ ఇది ఎవరికి చెప్పినా సాకులాగే ఉంటుంది, నాకే సాకులాగా ఉంది.

మధ్యాహ్నం పిచ్చుక డాబా మీద బట్టలు ఆరేస్తున్న తల్లి దగ్గరకి వచ్చింది. నేను నీడలో కూర్చుని క్లిప్పులు అందిస్తున్నాను.

‘అదంత పెద్ద విషయం కాదమ్మా. ఆకు అది. మందు కంటే నయం. ఎవరూ చావరు.’

‘ఎవరు చెప్పారు?’

‘అందరికీ తెలుసు. అందరూ తాగుతారు.’

‘అందరూ అంటే ఎంతమంది?’

పిచ్చుక వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ‘మేం ముగ్గురం.’

‘కాలేజీలో ముగ్గురే ఉన్నారా?’ అన్నాను నేను. నన్నెవరూ పట్టించుకోలేదు.

‘నువ్వు చెప్పావు కదమ్మా, ఒక్క దమ్ముకే పిచ్చెక్కుతుందని. నాకు ఎక్కలేదు. నవ్వొచ్చింది, ఆకలేసింది, అంతే. అంటే నువ్వు చెప్పింది అబద్ధం. ఒకటి అబద్ధమైతే మిగతావి మాత్రం ఎందుకు నమ్మాలి?’

కోడలు తడి దుప్పటి రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. దుప్పటి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. అడిగింది, ‘ఏమీ కాదని నిజంగా నమ్మితే తాత చేతిలో గ్లాసెందుకు తోశావు?’

‘తాత వేరు. తాత గుండె...’

‘తాత గుండె వేరు, నీ బుర్ర వేరా?’

పిచ్చుక డాబా గోడ పట్టుకుంది. దాని గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది. ‘నిద్ర పట్టదమ్మా. అందరూ ముందుకెళ్ళిపోతున్నట్టూ, నేనొక్కదాన్నే క్లాసులో ఏమీ అర్థంకాక కూర్చున్నట్టూ ఉంటుంది. అది తాగితే ఆ గోల కాసేపు ఆగుతుంది. మొదట్లో కొంచెంతో ఆగేది.’

‘ఇప్పుడు?’

‘ఇప్పుడు ఆగడం లేదు.’

‘డాక్టరు దగ్గరికి వెళ్దాం.’

‘నాకేం జబ్బు లేదు. నువ్వూ నాన్నలాగే చెయ్యకు’ అని దిగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే బళ్ళో ఉపన్యాసం. మానేద్దామనుకుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? మళ్ళీ అదే అబద్ధం చెప్పి వస్తే, అది కూతురి చెవిన పడితే, డాబా మీద తెరుచుకున్న ఆ కొంచెం తలుపు మళ్ళీ మూసుకుంటుంది. ఆమె భయమంతా అదే. ఉద్యోగం గురించి కాదు, పరువు గురించి కూడా కాదు. ఆ పిల్ల తనతో ఇంకోసారి నిజం మాట్లాడుతుందా లేదా అని.

హాల్లో చార్టు తగిలించారు. ఆమె లేచి, దాని వైపు చూడకుండా, ‘పోయినేడు మీకు ఒక అబద్ధం చెప్పాను’ అంది. పిల్లలు పక్కవాళ్ళతో కబుర్లు ఆపారు. ‘ఒక్క దమ్ముకే ఎవరికీ పిచ్చెక్కదు. మీలో కొందరికి ఆ సంగతి తెలిసే ఉంటుంది, అందుకే నేను చెప్పిన నిజాలు కూడా వాళ్ళు నమ్మి ఉండరు. నిజాలు ఇవి. మీ వయసులో మెదడు పచ్చి గోడ, ఇంకా ఆరలేదు. దాని మీద రోజూ చెయ్యి పెడితే గుర్తు మిగులుతుంది. చదివింది నిలవదు. కొందరికి నిజంగానే మతి చెదురుతుంది, ఎవరికి చెదురుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. అందరూ తాగుతున్నారని అంటారు. ఎవరా అందరూ అని లెక్కపెట్టి చూడండి. నిద్ర కోసం, భయం ఆగడం కోసం తాగుతున్నారా? అయితే ఆ నిద్ర సంగతి ఎవరికైనా చెప్పండి. తిట్టనివాళ్ళని వెతుక్కుని చెప్పండి.’

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. ‘మేడమ్, మీకింత ఎలా తెలుసు? మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా?’ హాలంతా నవ్వు. ముందు వరసలో ప్రిన్సిపాల్ మొహం కళ తప్పింది.

ఆమె చెవులు వేడెక్కాయి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది, కూతురి పేరు కూడా వచ్చింది.

‘మా ఇంట్లో కాచింది నేనే’ అంది. పుదీనా అనుకున్న సంగతి, మామగారి దగ్గు సంగతి, పగిలిన గ్లాసు సంగతి చెప్పింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఆమె ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడింది.

‘అది ఎవరిది మేడమ్?’ అని ఇంకెవరో అన్నారు.

‘మా ఇంట్లోది’ అంది.

తర్వాత ప్రిన్సిపాల్ గదికి పిలిచాడు. ‘ఇంటి గుట్టు ఇలా వీధిన పెట్టుకుంటారా మేడమ్? తల్లిదండ్రులు ఏమనుకుంటారు? వచ్చే ఏడు ఈ పని ఇంకెవరికైనా ఇద్దాం లెండి.’ సిగ్గుతో బయటికొచ్చింది గాని, ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన నెత్తి మీంచి ఒక పని దిగడం అదే మొదటిసారని మెట్లు దిగుతుంటే తట్టిందట.

ఆమె ఇల్లు చేరేలోపే కబురు చేరింది. ఆ బళ్ళో పిల్లల అక్కలూ అన్నలూ పిచ్చుకకి స్నేహితులే. చెప్పులు విప్పుతున్న తల్లి ఎదురుగా పిల్ల వచ్చి నిలబడింది.

‘నా పేరు చెప్పలేదంటగా.’

‘నీ పేరు చెప్పే హక్కు నాకు లేదు.’

‘అందరూ నిన్ను చూసి నవ్వారంట.’

‘నవ్వారు.’

పిచ్చుక తల్లి చేతిలో సంచీ అందుకుంది. ‘రేపు వెళ్దాం. డాక్టరు దగ్గరికి’ అంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు వడ్డించలేదు. గిన్నెలు మధ్యలో పెట్టి తనూ కూర్చుంది. ‘రేపు సెలవు పెట్టాను. అమ్మాయిని తీసుకెళ్తున్నాను. మీరూ రండి’ అంది మొగుడితో. మా వాడు ఫోన్ పక్కన పెట్టాడు. కూతురి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. ‘నవ్వి ఉండకూడదు. పిల్ల నాది కూడా కదా, నేనూ చూడలేదు’ అన్నాడు.

మర్నాడు డాక్టరు గది బయట బెంచీ మీద పిచ్చుక మధ్యలో కూర్చుంది. ఒక పక్క తల్లి, ఇంకో పక్క నేను. లోపలికి పిలిచినప్పుడు పిల్ల తల్లి వైపు చూసి, ‘నేనొక్కదాన్నే వెళ్తాను. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు’ అంది. ఉంటానంది.

ఇందులో నేను కల్పించిన ముక్క ఇంకొకటుంది, చెప్పేస్తాను. ‘నవ్వి ఉండకూడదు’ అని మా వాడు అనలేదు. ఫోన్ లోంచి తలెత్తకుండా, ‘మీరిద్దరూ పొద్దున్నే వెళ్ళిపోతే నా బాక్సు ఎవరు కడతారు?’ అని అడిగాడు. కోడలు తన కంచంలో పెట్టుకుని తిన్నది. వాడి తండ్రిని కదా, రాసేటప్పుడు సిగ్గేసి మార్చాను.