ముప్పయ్యో మొక్క అర్జీ

ఉదయం పది గంటలకు రజియా హెర్బేరియంలోని ముప్పయ్యో మొక్క అట్ట మీది నుంచి లేచి, పేరు మార్చమని అర్జీ పెట్టుకుంటుంది. డిగ్రీ మార్కుల కోసం ఆమె ఎండబెట్టి అతికించిన మొక్కల్లో అదే చివరిది.

"ఏం మే, నాది కాని పేరు నాకెందుకు రాస్తివి?" అంటుంది మొక్క, జిగురు దులుపుకుంటూ.

రజియాకు తల కొట్టేసినంత పనవుతుంది. రికార్డు సంతకాల హడావుడిలో ఇరవైతొమ్మిదో మొక్క పేరే దీనికీ రాసేసింది. మేడమ్ చూడకుండానే టిక్కు పెట్టేసింది.

మూల కూర్చుని పరుపు కుడుతున్న నాయన హుస్సేనప్ప తలెత్తడు. "సరైన పేరు చెప్పి పంపించమ్మా. సోమవారం నంద్యాల విత్తనాల కంపెనీలో చేరాల కదా. మళ్ళా నీకు తీరదు."

"డిగ్రీ పుస్తకాలన్నీ తిరగేసినా. యాడా నేను లేను," అంటుంది మొక్క.

"ఎమ్మెస్సీ పుస్తకాల్లో?" అంటుంది రజియా.

"ఆడా లేను. నువ్వు చదివి రాస్తేనే ఉంటా."

రజియా మనసు ఎగిరి గంతేస్తుంది. ఎవరికీ తెలియని మొక్క! మూడేళ్ళుగా ఎవరో రాసిందే తిరిగి రాసింది. ఎవరూ రాయనిది ఇంట్లోనే, ఇరవైతొమ్మిది అట్టల కింద పడి ఉంది. పీజీ సీటుకు ఆప్షన్లు పెట్టే గడువు ఈ సాయంత్రం ఐదింటితో సరి. పొద్దున్నుంచి ఆమె ఫోను వంక చూడనే లేదు. ఇందాక పది చూపించిన గోడ గడియారం అప్పుడే ఐదుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దానికీ ఆత్రంగానే ఉన్నట్టుంది.

"నాయనా, నేను కంపెనీకి పోను. చదువుకుంటా. దీని పేరు ఎవురికీ తెల్దంట!" వద్దంటాడేమోనని భయం. ఆ భయంలోనూ నవ్వు ఆగడం లేదు.

హుస్సేనప్ప సూది ఆపుతాడు. మొక్కను చూస్తాడు, కూతుర్ని చూస్తాడు.

"లోపలేముందో చూడకుండా కుట్టు ముగించకూడదు లేమ్మా," అని పొద్దున్నుంచి వేసిన కుట్లన్నీ కోసేస్తాడు.

రజియా ఎమ్మెస్సీ బాటనీ మీద వేలు నొక్కుతుంది. ఫోను తడిగా తగులుతుంది.

పరుపులో దూది లేదు. వాన వెలిసిన అడవి ఉంది. మొక్క ముందుగా దూకుతుంది. రజియా చెప్పులు చేత పట్టుకుని దిగుతుంటే నాయన రెండు చేతులా అంచులు తెరిచి పట్టుకుంటాడు.

"నువ్వొచ్చేదాకా కుట్టన్లే, పో," అంటాడు.

లోపల చెట్లన్నీ మెడలో ఖాళీ చీటీలతో, హాజరు పిలిచే వేళ పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. రజియా పెన్ను మూత తీస్తుంది. తన చున్నీ అంచుకు కూడా, నాయన ఎప్పుడు కుట్టాడో, ఒక ఖాళీ చీటీ వేలాడుతోంది. అన్నిటికన్నా అదే పెద్దది.