కరెంటు సారె

పొద్దున్నే మట్టి తొక్కడం నా పని. మడమకు ఇసుకంత రాయి తగిలినా వంగి తీసి పారేయాలి. ఒక్కటి మిగిలినా తిరిగే సారె మీద కుండ చీలుతుంది. చీలితే తప్పు నాది. నిలిస్తే పేరు మా ఆయన దామోదరానిది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే తీరు.

అలిపిరి దారిలో మా ఇంటిని ఆనుకున్న షెడ్డు తీసుకుని, స్టూడియో అని బోర్డు పెట్టి, కరెంటు సారెలు దించాక, శని ఆదివారాల్లో మద్రాసు నుంచీ బెంగళూరు నుంచీ ఆడవాళ్లు నేర్చుకోవడానికి వస్తున్నారు. "రండి మేడం, భయపడొద్దు, మట్టి మాట వింటాది" అంటూ ఆయన ఎంత ఓపికగా చెబుతాడో! ఆ గొంతు నా కాపురంలో నేనెన్నడూ వినలేదు.

మా ఇళ్లలో ఆడది సారె ముట్టకూడదు. ముట్టుకుంటే కాల్చే ఆములో కుండలన్నీ పగులుతాయట. "మరి వీళ్లు ముట్టుకుంటాండారే అత్తా?" అని ఒకసారి అడిగాను. మా అత్త సుబ్బులమ్మ వక్కాకు నములుతూ, "వాళ్లకు అంటదు లేమ్మే. మన ఇంటి ఆడోళ్లకే అంటాది" అంది. దోషానికి కూడా ఇంటి కోడలే లోకువ.

నిన్న లోహిత అనే అమ్మాయి, కుండ గోడ ఎత్తలేక, నా వైపు తిరిగింది. "అక్కా, మీరొకటి చేసి చూపించండి."

ఆయన నవ్వాడు. "దానికి యాడొస్తాది మేడం? తొక్కేదే దాని పని."

అందరూ టీకి బయటికి పోయినప్పుడు ఆ అమ్మాయి పీట మీద కూర్చున్నాను. ఇన్నేళ్లు నా కాళ్ల కింద మెత్తబడిన మట్టి, నన్నెరగదా అనుకున్నాను. మీట నొక్కాను. ముద్ద నడుమ నిలవలేదు. అటూ ఇటూ ఊగి, చేతుల్లోంచి జారి పడింది. మళ్లీ వేశాను. మళ్లీ పడింది. ఆయన చెప్పింది నిజమే. దోషానికి భయపడిన రోజుల్లో కూడా, కూర్చుంటే వచ్చేస్తుందిలే అన్న ధీమా లోపల ఒక మూల ఉండేది. అదీ పోయింది. రాకుండా చేసింది ఇంట్లోవాళ్లే, రాదని నవ్వేదీ వాళ్లే. పీట తుడిచి, వంటింట్లోకి పోయి, ఎర్రగడ్డలు తరిగే వంకతో ఏడ్చాను.

ఈరోజు క్లాసు మొదలయ్యే వేళకు, కొంగు నడుముకు దోపి, వచ్చినవాళ్ల వరసలో చివరి పీట మీద కూర్చున్నాను. వాకిట్లో మా అత్త నమలడం ఆపేసింది. ఆయన దగ్గరికొచ్చి పళ్లు బిగబట్టి, "లెయ్‌మ్మే, ఏందిది? అందరూ సూస్తాండారు" అన్నాడు.

అందరికీ వినపడేట్టే చెప్పాను.

"నాకు రాదు. నేర్పు."