వెర్నన్ చెవి

మా ఆయన క్లెమ్ ఎడమ చెవి మీద పుండు లేచి ఐదు నెలలైంది. మొదట్లో ముళ్లతీగ గీరుకుందన్నాడు. తర్వాత ఈగ కుట్టిందన్నాడు. ఆ తర్వాత ఏమీ అనకుండా టోపీ కిందికి లాక్కోవడం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్నకి క్యాన్సర్ అలాగే చెవి మీద మొదలైంది. ఆయన పోయి పదేళ్లు. ఆ మాట నేనెత్తినప్పుడల్లా క్లెమ్ లేచి కుక్కలకి తిండి పెట్టడానికి వెళ్లిపోయేవాడు. ఆ వేసవిలో మా మూడు కుక్కలూ బాగా ఒళ్లు చేశాయి.

డాక్టరీ చదివే పిల్లలకి వీడియోలో రోగుల్ని చూడడం నేర్పడానికి, మాలాంటి మారుమూల గొర్రెల కాపరుల చేత సిడ్నీలోని ఒక యూనివర్సిటీ రోగుల వేషం వేయిస్తుంది. నేను అప్పటికి రెండుసార్లు అపెండిక్సుతో మెలికలు తిరిగాను. ఒకసారి గర్భిణినయ్యాను, యాభై ఆరేళ్ల వయసులో. నన్ను పరీక్షించిన డాక్టరీ పిల్లాడు ఏమీ అనుమానించకుండా నెలలు లెక్కపెట్టాడు.

ఈసారి మగమనిషి కావాలన్నారు. క్లెమ్ ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు.

"వేషమేగా. డాక్టరుకి చూపించుకోవడం కాదుగా," అన్నాడు.

కాగితం వచ్చింది. వెర్నన్ టల్లీ, అరవై నాలుగేళ్లు, గొర్రెల బొచ్చు కత్తిరించే పని, నడుము నొప్పి. క్లెమ్ రెండు రోజుల ముందు నుంచే నడుము పట్టుకుని నడిచాడు. టీలో మూడు చెంచాల చక్కెర వేయించుకున్నాడు.

"నువ్వు చక్కెర ముట్టవు కదా?"

"వెర్నన్ వేసుకుంటాడు."

మంగళవారం పొద్దున వంటింట్లో పిండి డబ్బాకి ట్యాబ్ ఆనించాను. తెర మీద డాక్టరీ చదివే ఓర్లా అనే అమ్మాయి. మూల చిన్న గడిలో మార్కులు వేసే హెస్టర్ మేడమ్.

"టల్లీ గారూ, నొప్పి ఎక్కడండీ?"

"పదహారు."

"పదిలో పదహారా?"

"కాదమ్మాయ్. పదహారో నంబరు." తలుపు మీది బొమ్మ చూపించాడు. విమానంలో వచ్చే డాక్టర్లకి రేడియోలో చెప్పడానికి ఒళ్లంతా నంబర్లు వేసిన బొమ్మ అది. మా వైపు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. ఓర్లా పాపం ఏదో రాసుకుంది.

"మీ మొహం నీడలో ఉందండీ. ఆ టోపీ కాస్త తీస్తారా?"

క్లెమ్ అయితే ట్యాబ్ మూసేసేవాడు. వెర్నన్ మర్యాదస్తుడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెవి మీద అదేమిటండీ?"

"ఓర్లా, కాగితంలో చెవి లేదు. నడుము సంగతి చూడు," అంది మేడమ్. "అన్నట్టు ఆ మేకప్ ఎవరు చేశారు? చాలా బావుంది!"

"ఎవరూ చెయ్యలేదండీ! ఐదు నెలలుగా ఉంది!" అన్నాను నేను, తలుపు దగ్గర్నుంచి.

"మీరెవరండీ?"

"ఆయన భార్యని."

"వెర్నన్‌కి భార్య లేదండీ. దయచేసి మధ్యలో మాట్లాడకండి."

ఓర్లా మాత్రం తెరకి ముక్కు ఆనించేంత దగ్గరికొచ్చింది. "నడుముకి మార్కులు పోతే పోనివ్వండి మేడమ్. టల్లీ గారూ, చెవి ఇటు పెట్టండి. రక్తం వస్తుందా?"

"రోజూ దిండుకి అంటుతుంది."

దిండు గలీబుల మీద మరకలు టీ ఒలికి అయ్యాయని నాతో చెప్పినవాడు ఇతనే.

"మా నాన్నకీ ఇలాగే వచ్చింది," అన్నాడు మళ్లీ, మెల్లగా. వెర్నన్ నాన్న గురించి కాగితంలో ఒక్క ముక్క లేదు.

మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుంది. తెర నిండా చెవే.

"అది మేకప్ కాదు," అంది చివరికి. "నటన ఆపండి. గురువారమే మీకు దగ్గరి ఆసుపత్రిలో చూపించుకోవాలి. నేను ఫోన్ చేసి చెబుతాను. మీ అసలు పేరు?"

"వెర్నన్ టల్లీ."

"నటన అయిపోయిందండీ."

"వెర్నన్ అయితే గురువారం వస్తాడు. క్లెమ్ అని ఒకడున్నాడు, వాడు రాడు. వాడితో పెట్టుకోకండి."

ఇంటిపేరుతో సహా అసలు పేరు నేనే చెప్పాను. ఈసారి మేడమ్ నన్ను ఆపలేదు.

గురువారం నూట ఎనభై కిలోమీటర్లూ వెర్నన్ నడుము పట్టుకుని మూలుగుతూనే ఉన్నాడు. ఆసుపత్రిలో నర్సు క్లెమ్ పేరు రెండుసార్లు పిలిచింది. అతను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు. నేను వెళ్లి ఆవిడ చెవిలో సంగతి చెప్పాను. ఆవిడా మా వైపు మనిషే, ఏమీ అడగలేదు.

"వెర్నన్ టల్లీ గారూ!"

వెంటనే లేచాడు.

చెవి పైభాగం కోసేశారు. వేళకి తెచ్చారమ్మా, అన్నాడు డాక్టరు. ప్రతి ఆరు నెలలకీ చూపించుకోవాలట. ఇప్పుడు క్లెమ్ టోపీ ఎడమ వైపుకి జారుతుంది, నడుము మాత్రం ఇంటికి రాగానే నయమైపోయింది. టీలో మూడు చెంచాల చక్కెరా నేను అడగకుండానే వేస్తున్నాను. ఆరు నెలల తర్వాత మళ్లీ వెర్నన్‌తో నాకు పనుంది.