రోడ్డు మీద పడుకోబెట్టిన మనిషి

పొద్దున ఏడు కాకముందే, ఒక మనిషిని ఫ్యాక్టరీ గేటు దాటించి రోడ్డు మీద పడుకోబెట్టడం కండక్టరమ్మ తన రెండు కళ్లతో చూసింది.

మొదటి ట్రిప్పు. బస్సు సగం ఖాళీ. రంగుల ఫ్యాక్టరీ మలుపు దగ్గర డ్రైవరు వేగం తగ్గించాడు. అప్పుడే గేటులోంచి సూపర్వైజరూ వాచ్‌మనూ బయటికొచ్చారు. ఒకడు చంకల కింద చేతులేసి పట్టుకున్నాడు, ఒకడు కాళ్లు పట్టుకున్నాడు. మధ్యలో మనిషి తడిసిన గోనెసంచిలా వేలాడుతున్నాడు. నడుం దాకా నల్లటి బురద. గేటు ముందు దించలేదు. ఇరవై అడుగుల అవతలికి మోసుకెళ్లి కాలవ గట్టు పక్కన దించారు. సూపర్వైజరు చేతులు ప్యాంటుకి తుడుచుకుని వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయాడు.

"బాబాయ్, ఆపు" అంది డ్రైవరుతో.

దిగి చూస్తే తెలిసిన మనిషే. ఫ్యాక్టరీలో మురుగు ట్యాంకులు కడిగే కాంట్రాక్టు కూలీ. రాత్రి షిఫ్టు దిగి రోజూ ఈ బస్సులోనే ఇంటికి పోతాడు. సీట్లన్నీ ఖాళీగా ఉన్నా వెనక తలుపు దగ్గరే నిలబడతాడు. కూర్చోమంటే, "వద్దులెండి, నా బట్టలు కంపు, తర్వాత కూర్చునేవాళ్లు తిట్టుకుంటారు" అంటాడు. ఇప్పుడు పెదాలు నీలంగా ఉన్నాయి. ఒంటి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. నలుగురూ పట్టి బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ ఒక్కరోజే అతను సీటు మీద ప్రయాణం చేశాడు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు.

పోలీస్ స్టేషన్లో రైటరు కాగితం మీద రాసిపెట్టుకున్నాడు: రోడ్డు పక్కన వ్యక్తి మృతి, కారణం అనారోగ్యం.

"నేను చూశాను సార్. లోపలి నుంచి మోసుకొచ్చి పడేశారు."

"మీరు చూసిందీ మేం రాసిందీ ఒకటేనమ్మా. రోడ్డు మీద ఉన్నాడా లేడా?"

"ఉన్నాడు."

"అదే రాశాం."

ఆ రోజంతా ఆమె మనసు మనసులో లేదు. ఒకరికి ఇవ్వాల్సిన టిక్కెట్టు ఇంకొకరికి ఇచ్చింది. దిగే స్టాపులో విజిల్ వెయ్యడం మరిచి ఇద్దరి చేత మాట పడింది. ఇంటికొచ్చి భర్తతో చెబితే అతను తల ఎత్తలేదు. అతనిదీ ఆ ఫ్యాక్టరీలోనే పని, ప్యాకింగ్ సెక్షన్.

"గేటు లోపల పోతే కంపెనీ చావు. బయట పోతే దేవుడి చావు. ఎప్పుడూ ఉండేదే. మనకెందుకే?"

"నువ్వూ ఆ గేటు లోపలే గదా ఉండేది."

"అందుకే అంటున్నా, మనకెందుకే అని."

ఆ రాత్రి ఇద్దరూ ఒకరి ముందొకరు నిద్రపోయినట్టు నటించారు.

కండక్టరమ్మకి ఏడాదిగా పర్యావరణ పార్టీ వార్డు కమిటీలో సభ్యత్వం ఉంది. జనం చెట్ల పార్టీ అంటారు. మీకు ఓటేసేది కాకులేగా అని డిపోలో హాస్యమాడతారు. కాలవ నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారుతుంటే చూస్తూ ఊరుకోలేక చేరింది. సెలవు రోజున గోడలకి కాగితాలంటిస్తుంది, సీసాల్లో కాలవ నీళ్లు పట్టి ఇస్తుంది. సైకిల్ షాపు మీద గదిలో కమిటీ కూర్చుంటుంది. మొత్తం ఆరుగురు. కన్వీనరు లెక్కల మాస్టారు, రిటైరై నాలుగేళ్లయింది. మిగతావాళ్లలో గట్టిగా పనిచేసేది కెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి.

ఆ వారం మాస్టారు కళ్లజోడు సర్దుకుని అజెండా చదివాడు. మొక్కలు నాటే వారోత్సవం, కరపత్రం, పై ఆఫీసుకి రిపోర్టు.

"మాస్టారూ, అందులో మనిషి లేడా?" అంది కండక్టరమ్మ.

"ఏ మనిషి?"

చెప్పింది. మాస్టారు మంచివాడే, బాధపడ్డాడు. కానీ అన్నాడు: "అది కార్మికుల సమస్యమ్మా. దానికి యూనియన్లున్నాయి. మనం కాలవ సంగతి చూద్దాం."

"కాలవలోకి నీళ్లొచ్చేది ఆ ట్యాంకులోంచే గదండీ. ఆ నీళ్లు చేపల్ని చంపితే మనం ఫోటోలు తీసి పేపరుకిచ్చాం. మనిషిని చంపితే వేరే ఆఫీసుకి పొమ్మంటారా?"

కింద షాపులో రిమ్ము మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. చివరికి కెమిస్ట్రీ అమ్మాయి అంది: "అక్కా, ఆ గుడ్ల వాసన గ్యాసు. ఎక్కువైతే వాసన కూడా తెలీదు. రెండు శ్వాసలు చాలు."

ఆదివారం కండక్టరమ్మా, కెమిస్ట్రీ అమ్మాయీ, కాదనలేక వెంటవచ్చిన మాస్టారూ ఫ్యాక్టరీ కూలీలుండే రేకుల ఇళ్లకి వెళ్లారు. కుళాయి దగ్గర జనం మూగారు.

"చెట్ల పార్టీ వాళ్లు. మొక్కలు తెచ్చారా?" అన్నాడొకడు.

"మొక్కలు కాదురా, తాళం తెచ్చారు. ఫ్యాక్టరీకి వెయ్యడానికి."

"మీకేం మాస్టారూ, పెన్షనొస్తుంది. రేపు మూతపడితే మా పొయ్యి మీద ఏం పెట్టమంటారు, మీ కరపత్రాలా?"

మాస్టారు మొహం ఎర్రబడింది. కండక్టరమ్మ చెప్పబోతుంటే జనం తోసుకుని చచ్చిపోయిన మనిషి భార్య ముందుకొచ్చింది. సంచులు కుట్టే మనిషి, వేళ్లకి గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది.

"మూసెయ్యమని ఎవరన్నారు? ముందు వాళ్లని మాట్లాడనివ్వండి. మా ఆయన్ని దిగమన్నప్పుడు మాస్కివ్వలేదు. ముక్కుకి తువ్వాలు కట్టుకోమన్నారు. పోయాక వీధిలో పడేశారు. మీలో ఒక్కడు చూడలేదా? అంతమంది లోపలుండి ఒక్కడికీ కనబడలేదా?"

ఎవరూ ఆమె కళ్లల్లోకి చూడలేదు. గుంపు వెనకనుంచి ఒక గొంతు లేచింది. కండక్టరమ్మ తల తిప్పింది. తన మొగుడు. ఇంట్లో పడుకుంటానన్నవాడు ఎప్పుడొచ్చాడో.

"నేను చూశాను" అన్నాడు. "కిటికీలోంచి. ప్యాకింగ్ ఆపలేదు."

కాస్త ఆగి, ఈసారి మాస్టారుతో అన్నాడు. "మీరు ఏడాదినించి సీసాల్లో నీళ్లు పట్టుకెళ్లి పరీక్షలు చేయిస్తున్నారు. ఒక్కసారైనా మమ్మల్ని అడిగారా? లోపల మురుగు శుద్ధిచేసే మిషనుంది. ఆఫీసర్లొచ్చే రోజే తిరుగుతుంది. మిగతా రోజులు కరెంటు దండగని ఆపేస్తారు. పైన తేలిన రంగు నీళ్లు కాలవలోకి వదులుతారు. అడుగున బురద పేరుకుంటుంది. అది ఎత్తడానికి మనిషిని దింపుతారు."

ఈ కథ వినేవాళ్లు కార్మికులైతే ఈ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. విద్యార్థులైతే చెప్పాలి. కాలవలో చేపనీ ట్యాంకులో మనిషినీ చంపింది ఒకటే స్విచ్చి. ఆ స్విచ్చి ఆపినవాడు ఏసీ గదిలో కూర్చున్నాడు. ఇన్నాళ్లూ కాలవ గట్టువాళ్లు ఫ్యాక్టరీవాళ్లని తిట్టారు, ఫ్యాక్టరీవాళ్లు కాలవవాళ్లని అనుమానించారు. ఆ మధ్యాహ్నం కుళాయి దగ్గర ఆ పగ తెగిపోయింది. మిషను రోజూ తిరగాలి, ట్యాంకులో మనిషి దిగకూడదు, చావు గేటు లోపలే జరిగిందని రాయాలి. ఈ మూడింటికీ అందరూ తలూపారు. అంత సులువుగా ఏమీ కాలేదులెండి, సాయంత్రం దాకా కొట్టుకున్నంత పని చేశారు.

నాలుగు రోజులకే పార్టీ పై ఆఫీసు నుంచి మాస్టారుకి ఫోనొచ్చింది. ఫ్యాక్టరీ యజమాని ఈ ఎన్నికల్లో మన కూటమికి దగ్గరివాడు, ఆ గేటు జోలికి పోవద్దు, మొక్కల వారోత్సవం బ్రహ్మాండంగా చెయ్యండి. మాస్టారు ఆ సంగతి చెబుతున్నంతసేపూ నేల చూపులు చూశాడు.

"పార్టీ క్రమశిక్షణ అని ఒకటుంటుంది గదమ్మా."

"ఉండాల్సిందే" అంది కండక్టరమ్మ. "మరి మీరేం చేస్తారు?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమెకి ఆ గదిలో కాలు నిలవలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీని రెండింతలు చెయ్యడానికి ప్రజాభిప్రాయ సభ పెట్టారు. గేటు లోపల షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. పక్క పేటల నుంచి జనాన్ని తేవడానికి కాంట్రాక్టరు బస్సులు మాట్లాడాడు. డిపోవాళ్లు ఒక బస్సుకి కండక్టరమ్మనే డ్యూటీ వేశారు.

బస్సు నిండా ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఒళ్లో భోజనం పొట్లాలు. ఎందుకు వెళుతున్నారో సగంమందికి తెలీదు. చేతులెత్తమన్నప్పుడు ఎత్తాలని మాత్రం చెప్పారు.

టిక్కెట్లు కొట్టే పని లేదు. కండక్టరమ్మ మధ్యలో కమ్మీ పట్టుకుని నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. పెద్ద మాటలు ఆమెకి రావు. వెనక తలుపు దగ్గర నిలబడే మనిషి గురించి చెప్పింది. బస్సు గోతుల్లో పడి లేచినప్పుడల్లా ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

"ఇప్పుడు మేం చెయ్యెత్తితే ఇంకో ట్యాంకు కడతారా?" అడిగింది ఒక ముసలమ్మ.

"కడతారు."

"దాన్లోకి ఎవరు దిగుతారు?"

ముసలమ్మ భోజనం పొట్లం తీసి సీటు కింద పెట్టేసింది.

సభలో అధికారి రాసుకొచ్చింది చదివి, అభ్యంతరాలున్నవాళ్లు చెప్పొచ్చన్నాడు. చచ్చిపోయిన మనిషి భార్య లేచింది. మైకు దగ్గరికి వెళ్లి, "నా మొగుడు ఈ గేటు లోపల చచ్చిపోయాడు" అంది. అంతే, మైకు మూగబోయింది. వైరు ఊడిందన్నారు. సూపర్వైజరు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

కండక్టరమ్మ విజిల్ తీసి ఊదింది. చెవులు చిల్లులు పడేలా, ఊపిరున్నంతసేపు ఊదింది. షామియానా అంతా ఇటు తిరిగింది.

"చెప్పమ్మా, మైకక్కర్లేదు" అంది.

ఆమె చెప్పింది. తర్వాత ప్యాకింగ్ సెక్షన్ నుంచి కండక్టరమ్మ భర్త లేచాడు. "ఆ మిషను ఇవాళ తిరుగుతోంది, వినబడుతోందా సార్? రేపు రండి, చెప్పకుండా రండి." అతని పక్కన ఇంకొకడు, ఆ పక్కన బాయిలరువాళ్లు. చివరి వరసలోంచి మాస్టారు అట్ట ఎత్తి పట్టుకున్నాడు. దాని మీద ఏడాదిపాటు కట్టిన నీళ్ల పరీక్షల లెక్కలున్నాయి. అధికారి సభ ముగిసిందన్నాడు. ఎవరూ లేవలేదు. కాంట్రాక్టరు మనుషులొచ్చి కుర్చీలు లాగేశారు. జనం నేల మీద కూర్చున్నారు.

పోలీసులు ఎక్కువమంది జోలికి పోలేదు. ముగ్గుర్ని వ్యానెక్కించారు: కండక్టరమ్మ, ఆ మనిషి భార్య, కెమిస్ట్రీ అమ్మాయి. ప్రభుత్వ బస్సులో జనాన్ని రెచ్చగొట్టిందని కండక్టరమ్మ మీద వేరే కేసు. జైల్లో ఉండగానే సస్పెన్షన్ కాగితం వచ్చింది. సంతకం పెట్టి తీసుకుంది.

అయిదో రోజు మధ్యాహ్నం బెయిలొచ్చింది. ఆమె ఇంటికి పోలేదు. తిన్నగా సైకిల్ షాపుకి వెళ్లింది. మెట్ల నిండా చెప్పులు, పై మెట్టు దాకా మనుషులు. ఆరుగురు పట్టే గదిలో అరవై మంది. లోపల మాస్టారు ఒక ఉత్తరం చదువుతున్నాడు. క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు ఈ వార్డు కమిటీని రద్దు చేశారట.

"ఎవర్ని రద్దు చేసేది?" అన్నాడు బాయిలర్ మనిషి. "మమ్మల్ని వాళ్లు పెట్టలేదు గదా, తీసెయ్యడానికి."

మాస్టారు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. తర్వాతి విషయం" అన్నాడు.

తర్వాతి విషయం దగ్గర గోల మొదలైంది. రేపు పొద్దుటి షిఫ్టులో ట్యాంకు కడగాలని నోటీసు పెట్టారు. దిగేది లేదని అందరికందరూ అంటున్నారు. దిగనివాణ్ణి గెంటేస్తే మిగతా సెక్షన్లు పని ఆపాలా వద్దా అన్నదే తగాదా. అందరికంటే పెద్ద గొంతు ఆమె మొగుడిది. చెమటలు కారుతూ, చేతులూపుతూ, ప్యాకింగ్ ముందు ఆగుతుంది అంటున్నాడు.

"ఇది మొదలైంది..." అంటూ ఆమె గుమ్మంలోంచి అందుకోబోయింది.

అతను ఇటు చూశాడు. అయిదు రోజుల తర్వాత పెళ్లాన్ని చూసిన కళ్లు ఒక్క క్షణం తడిశాయి. అయినా చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఆగవే. వరసలో ఉన్నాం. నీ ముందు నలుగురున్నారు."

పై మెట్టు మీదున్నవాళ్లు జరిగి చోటిచ్చారు. కండక్టరమ్మ కూర్చుని చెయ్యెత్తి తన వంతు కోసం చూస్తోంది.