అక్కకు పొట్టికాని డ్రెస్సు

ఉప్పల్‌లోని జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ఛాయాదేవి మేడం బోర్డు మీద రెండు మాటలు రాసింది. ఎల్డర్, ఓల్డర్.

"రెండింటికీ మనం పెద్ద అనే అంటాం. ఓల్డర్ అంటే వయసులో పెద్ద, అది లెక్క. ఎల్డర్ అంటే ఇంట్లో మనకంటే ముందు పుట్టినవాళ్ళు, అది వరస. ఒక్కోదానికీ ఒక వాక్యం రాయండి."

మానస రాసింది: 'కావ్య ఈజ్ మై ఎల్డర్ సిస్టర్. ఐ యామ్ ఓల్డర్ దేన్ కావ్య.'

మేడం మొదటిదానికి టిక్కు పెట్టి, రెండోదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసింది. "కావ్య నీకు అక్క. మళ్ళీ కావ్య కంటే నీకే వయసెక్కువా? ఇదెలా కుదురుతుందమ్మా?"

"అక్కకంటె ముందుగాల ఉయ్యాల ఎక్కినట్టుంది మేడం," అన్నాడు వెనక బెంచీ దుర్గేష్. క్లాసంతా నవ్వింది.

ఒక్క మాట చెబితే ఆ నవ్వు ఆగిపోయేది. ఆ మాట మానస కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చెప్పనంతకాలం ఇక్కడ తనకు అక్క ఉంది.

"రేపు దిద్ది చూపించు," అంది మేడం. మానస తల ఊపి కూర్చుంది.

కావ్య పోయి రెండేళ్ళు. ఊరు విడిచి నాచారం వచ్చిన మొదటి వానాకాలంలోనే జ్వరం తగిలింది. అప్పటికి దానికి పదహారేళ్ళ ఐదు నెలలు. పోయిన సోమవారంతో మానస ఆ వయసు దాటింది. డైరీలో రెండుసార్లు లెక్క వేసి చూసుకుంది.

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచింది. ఊళ్ళో ఉన్నప్పటినుంచీ వాళ్ళింట్లో ఒకటే పద్ధతి: అక్కకు పొట్టి అయిన బట్టలే చెల్లెకు. ఊళ్ళో చివరి దసరాకు కుట్టించిన ఆకుపచ్చ డ్రెస్సు కావ్యకు పొట్టి కాలేదు. అందుకే మానసకు రాలేదు, తను అడగనూ లేదు. ఇప్పుడు తొడుక్కుంది. చేతులు మణికట్టుకు నాలుగు వేళ్ళ పైనే ఆగిపోయాయి.

కంపెనీ నుంచి వచ్చిన తల్లి కౌసల్యమ్మ గడపలోనే నిలబడిపోయింది.

"పొట్టిగైందమ్మా," అంది మానస నేల చూస్తూ. "ఎవరికన్న ఇద్దమా?"

కౌసల్యమ్మ డ్రెస్సు విప్పించి, పాత మడతల మీదే మళ్ళీ మడిచింది.

"నీకైంది బిడ్డా. అక్కకు ఇంకా కాలే."

పెట్టె మూసి స్టవ్ దగ్గరికి పోయింది.

మానస నోటుబుక్కు తీసింది. మొదటి వాక్యం జోలికి పోలేదు. కొట్టేసినదాన్ని మాత్రం అలాగే మళ్ళీ రాసి, పక్కన కావ్య పోయిన తేదీ వేసింది.