గోడ మీద వదిన

బస్టాండు వెనక గోడ మీద కష్టజీవుల బొమ్మలు వెయ్యమని పని అప్పగించినప్పుడు కుంచమ్మకు మొదట గుర్తొచ్చింది వదినే. కుంచమ్మ అనేది, ఎప్పుడూ చేతికి రంగు అంటుకుని ఉంటుందని ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు. ఒకసారి క్యారియర్ ఇవ్వడానికి బట్టల ఫ్యాక్టరీకి వెళ్తే, వదిన మిషన్ ముందు కాలర్ల కట్ట మీద తల వాల్చి కునుకు తీస్తోంది. మెడలో టేపు, కాస్త తెరుచుకున్న నోరు. కుంచమ్మ దాన్నే గోడ మీద ఉన్నదున్నట్టు దించేసింది. జనం ఆగి చూశారు. పత్రికలో ఫొటో పడింది. వదినకు మాత్రం ముందుగా చెప్పలేదు. చూసి మురిసిపోతుందిలే అనుకుంది.

ఆ పత్రికను సూపర్‌వైజర్ తెచ్చి వదిన మిషన్ మీద పెట్టాడు. "పడుకునేదేదో ఇంట్లోనే పడుకోమ్మా" అన్నాడు. సాయంత్రానికి వదిన ఉద్యోగం ఊడింది.

ఇల్లు గడిచేది ఆవిడ జీతం మీదే. నడుం పట్టేసి అన్నయ్య గోదాము పని మానేసి చాలాకాలమైంది. వదిన కేకలెయ్యలేదు, ఏడవలేదు. గిన్నెలు తోముతూ, "బొమ్మ బాగుంది. ముక్కు అచ్చం మా అమ్మదే" అంది. నాలుగు చీవాట్లు పెట్టినా కుంచమ్మ ఇంతకన్నా తేలిగ్గా తట్టుకునేది.

మర్నాడు కుంచమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళింది.

"అది ఊహించి వేసిందండీ. మా వదిన ఎప్పుడూ అలా నిద్రపోలేదు."

"మరి మీ ఊహలోకి మా మిషన్ నంబరెలా వచ్చిందమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్.

ఆ నంబరు కూడా తనే శ్రద్ధగా వేసింది.

అటునుంచి అటే రంగులు పట్టుకుని గోడ దగ్గరికి పోయింది. నంబరు చెరిపేసి, మూసిన కళ్ళను తెరిపించింది. మెలకువగా ఉన్నట్టు రాలేదు, దేనికో బెదిరినట్టు వచ్చింది. మళ్ళీ దిద్దుతూ ఉండగా, పనికోసం తిరిగి తిరిగి బస్సు దిగిన వదిన వెనక నిలబడింది.

"ఏం చేస్తున్నావు?"

"సరిచేస్తున్నా వదినా. నీకు చెడ్డపేరు రాకుండా."

"తప్పుంటే కదా సరిచెయ్యడానికి? పొద్దున్నుంచీ కుడుతుంటే ఎవరికైనా కన్నంటుకుంటుంది." వదిన గొంతు పెంచలేదు. "వేసేటప్పుడూ అడగలేదు, చెరిపేటప్పుడూ అడగలేదు. మొహం నాదే కదా."

కుంచె నుంచి రంగు మోచేతి దాకా కారింది. కుంచమ్మ తుడుచుకోలేదు.

"ఇప్పుడు అడుగుతున్నా. ఏం చెయ్యమంటావు?"

వదిన కాసేపు బొమ్మ వైపు చూసింది. "ప్రస్తుతానికి కళ్ళు ఇలా తెరిచే ఉండనీ. ఇంకా నాలుగు చోట్ల అడగాలి, ఎవరు చూస్తారో ఏమో. పని దొరికాక చెప్తాలే, అప్పుడు మళ్ళీ కళ్ళు మూద్దువుగాని."

పని దొరికింది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చిన్న షెడ్డు. చొక్కాకింతని ఇస్తారు, ఆర్డర్లు లేనప్పుడు రావద్దంటారు. అన్నయ్య మంచం మీద కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు. వదిన మాత్రం గోడ ఊసెత్తలేదు. కుంచమ్మ అడుగుదామనుకున్నప్పుడల్లా ఆవిడ పని హడావిడిలోనో, పని లేని దిగులులోనో ఉండేది.

ఇప్పుడు ఊరెళ్ళాల్సి వస్తే, ఆ బెదురు కళ్ళు కంటపడకుండా, కుంచమ్మ బస్టాండుకు ముందు గేటు నుంచే వెళ్తుంది.