సాయంత్రం గడి

ఎనిమిది కాకముందే డిగ్రీలక్క ఫ్రిజ్ తలుపు తీసి, పై అరకు వేలాడుతున్న థర్మామీటర్ మీదికి వంగింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఊపిరి తగిలితే అంకె మారుతుందేమో అన్నంత జాగ్రత్తగా చూసింది. నాలుగు పాయింటు రెండు. తలుపు మూసి, దాని మీద అతికించిన చార్టులో ఆ రోజు తేదీ పక్కన ఉదయం గడిలో ఆ అంకె వేసింది. ఆ పక్కది సాయంత్రం గడి. దారం కట్టిన పెన్ను వదిలేసి, తెల్లకోటు బొత్తాలు పెట్టుకుంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

ఆమె చదివింది రెండేళ్ల నర్సింగు డిప్లొమా. డిగ్రీ అన్నది ఆమె ఛాయలకు కూడా రాలేదు. అయినా ఆసుపత్రి అంతా డిగ్రీలక్క అనే పిలుస్తారు, ఈ టీకాల గదిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఫ్రిజ్ డిగ్రీలు చూసుకుంటూ బతుకుతోంది కాబట్టి. రోజుకు రెండుసార్లు చూడమంటుంది రూలు, ఆమె ఆరుసార్లు చూస్తుంది. ఆదివారాలు కూడా వచ్చి చూసిపోతుంది. "నా జ్వరం ఏనాడైనా ఇలా చూశావా? నన్ను కూడా ఆ ఫ్రిజ్‌లో పెట్టు, అప్పుడైనా చూస్తావు," అని మొగుడు బతికున్నన్నాళ్లూ ఎత్తిపొడిచేవాడు. గోడకి ఆమె పేరు మీద ఒక ప్రశంసాపత్రం ఉంది. అది కంటపడకుండా కుర్చీని ఎప్పుడో అటు వీపు వచ్చేలా తిప్పుకుంది. రెండుసార్లు పై పోస్టు ఇస్తామంటే వద్దంది. పని మీద ఎంత ప్రేమో అనుకున్నారు. ప్రేమా లేదు, దోమా లేదు. ఉన్నది సిగ్గు.

ఆ రోజు ఆమెకు ఉద్యోగంలో చివరి రోజు. ఐదు గంటలకు అందరూ కలిసి టీ ఇస్తామన్నారు.

పది దాటాక డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. ఈ గదితో పాటు, పక్కనున్న నర్సింగు స్కూలు పిల్లల ఆరోగ్యం కూడా ఆవిడే చూస్తుంది. వార్డుల్లోకి పంపే ముందు కొత్త బ్యాచిలో ముప్పై ఇద్దరికీ రక్తపరీక్ష చేయించింది. హెపటైటిస్ బి క్రిమి రోగి నెత్తురులో ఉంటుంది, నర్సుకు వాడిన సూది ఒక్కటి గుచ్చుకుంటే చాలు, కాలేయాన్ని పట్టుకోవచ్చు. పసితనంలో టీకాలు పడ్డట్టు అందరి దగ్గరా కార్డులున్నాయి. అయినా ఇరవై ఒక్క మందికి నెత్తురులో రక్షణ చాలినంత లేదని తేలింది. పిల్లలు బెంబేలెత్తిపోతే డాక్టరమ్మ నవ్వేసింది. "ఇరవై ఏళ్లకి అంకె పడిపోవడం మామూలే. ఒళ్లు మాత్రం మర్చిపోదు. ఒక్క బూస్టర్ వేస్తే పాత చుట్టాన్ని చూసినట్టు గుర్తుపట్టేస్తుంది," అంది. నెల కిందట ఆ బూస్టర్లన్నీ వేసింది డిగ్రీలక్కే. ఈ నెల రోజులూ ఆమెకు ముద్ద దిగలేదు.

"ఇరవై మందికి అంకెలు వందల్లోకి ఎక్కాయక్కా," అంది డాక్టరమ్మ. "ఒక్కమ్మాయికే ఉలుకూ లేదు పలుకూ లేదు. మీ పిచ్చుకకి."

పిచ్చుక డిగ్రీలక్క చెల్లెలి కూతురు. పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా లేకపోవడంతో ఆ పేరు అంటుకుపోయింది.

"కంగారు పడకు. నూటికి అయిదారుగురి ఒళ్లు ఈ టీకాకి సరిగా పలకదు. మళ్లీ మొదట్నుంచీ మూడు డోసులు వేద్దాం. అందాకా వార్డుకి పంపను, అంతే."

డాక్టరమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డిగ్రీలక్కే అడిగింది. "దాని పాత కార్డు చూశారా?"

"చూశాను. మూడూ నువ్వేసినవే. నువ్వేశావంటే ఇంక చూసేదేముంది?"

తల కొట్టేసినట్టయింది డిగ్రీలక్కకి.

ఇరవై ఏళ్ల కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె చేసింది చాలా చిన్న పని. టీకాల ఫ్రిజ్‌లో ఇంకేమీ పెట్టకూడదని గోడ మీద రాసి ఉన్నా, తన మంచినీళ్ల సీసా పెట్టుకుంది. తొందరగా చల్లబడాలని మీట చివరిదాకా తిప్పింది. చల్లటి నీళ్లు తాగింది, మీట వెనక్కి తిప్పడం మర్చిపోయింది. సాయంత్రం చూసి ఉంటే తెలిసేదే. కానీ ఆ రోజుల్లో ఆమె ఉదయం గడితో పాటే సాయంత్రం గడి కూడా నింపేసేది. ఎప్పుడు చూసినా నాలుగే కదా, ఈ చూడటంలో బస్సు తప్పిపోవడం ఎందుకని.

మర్నాడు తలుపు తీస్తే హెపటైటిస్ టీకా పెట్టె మీద మంచు పేరుకుని ఉంది. వయల్స్‌లో, ఆ చిట్టి గాజు సీసాల్లో, మందు రాయిలా బిగిసింది. ఈ టీకా ఒక్కసారి గడ్డకడితే పనికిరాదు. ఆమె పరీక్షలో రాసి పాసైన ప్రశ్నే అది. ఒక వయల్‌ని అరచేతిలో కరిగించి, గట్టిగా ఊపి, బల్ల మీద పెట్టింది. మంచిదైతే పల్చటి పాలలా కలిసి ఉండాలి. ఇది తునకలు తునకలుగా అడుక్కి దిగి, పైన తేట నిలిచింది. పారేయాలి. పారేస్తే ఎందుకు పారేశారో రాయాలి. రాస్తే చార్టు తీస్తారు. చార్టులో నిన్నటి సాయంత్రం గడిలో ఆమె రాతతో నాలుగు అని ఉంది. బయట బెంచీ మీద తల్లులు బిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఆమె ఆ పెట్టె వాడేసింది. ఐదు నెలలు వచ్చింది. ఆ రోజుల్లోనే చెల్లెలికి ఆడపిల్ల పుట్టింది. ఆ ఒక్క బిడ్డకీ వేరే మందు తెప్పించి ఉండొచ్చు. తెప్పిస్తే ఈ మందు చెడ్డదని తనకు తాను ఒప్పుకున్నట్టే. అందుకని ఆ పీలగుంట తొడలోనూ అదే ఎక్కించింది. సొంత చెల్లెలి బిడ్డకే వేశాను, చెడ్డదైతే వేస్తానా అని తన మనసుకి తానే సాక్ష్యం చెప్పుకుంది. సాక్ష్యం కోసం పసిగుడ్డును వాడుకున్నానని తెలిసేసరికి కార్డు నిండిపోయింది. మళ్లీ వేస్తానంటే చెల్లెలు ఎందుకంటుంది. చెప్పడానికి మొహం చెల్లలేదు.

రెండు గంటలకు పిచ్చుక వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చొక్కా చెయ్యి పైకి మడుచుకుని స్టూలు మీద కూర్చుంది. డిగ్రీలక్క కొత్త వయల్ తీసి, ఊపి, కిటికీ వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మందు ఎక్కించింది.

"నాలోనే ఏదో లోపం ఉంది కదా పెద్దమ్మా?" అంది పిచ్చుక, దూది అదుముకుంటూ. "అందరి ఒంటికీ గుర్తుంది, నా ఒంటికే గుర్తులేదు. అమ్మకి మాత్రం చెప్పకు. నేను కడుపులో ఉన్నప్పుడు సరిగా తినలేదని ఇప్పటికీ అంటుంటుంది. తన వల్లే అనుకుని ఏడుస్తుంది."

డాక్టరమ్మ తనంతట తానే తలుపు తీసిపెట్టింది, నూటికి అయిదారుగురు అని. ఇరవై ఏళ్లు మూసుకున్న నోరు ఇంకో మూడు గంటలు మూసుకుంటే సరిపోతుంది. టీ తాగి ఇంటికి పోవచ్చు. కానీ పిల్ల తన చేతిని తానే పాడైపోయిన వస్తువులా చూసుకుంటోంది. అది చూడలేకపోయింది డిగ్రీలక్క. సొరుగు పూర్తిగా బయటికి లాగి, వెనకనున్న దూది డబ్బా తీసింది. అందులో ఒక పాత వయల్, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉన్నాయి.

"నీలో ఏ లోపమూ లేదమ్మా. మీ అమ్మ తప్పు అసలే లేదు. నీకు వేసినది పాడైపోయిన మందు. నా వల్లే గడ్డకట్టింది. తెలిసే వేశాను."

పిచ్చుక వయల్ వంక చూసింది, తర్వాత ఆమె మొహం వంక చూసింది.

"ఎంతమందికి?"

"మూడు డోసులూ ఆ పెట్టెలోవే పడ్డవాళ్లు పదిహేడుమంది."

"వాళ్లెక్కడున్నారో తెలుసా?"

"పదకొండుమంది తెలుసు."

తెలియకేం. ఆమె ఎక్కే బస్సులో ముందు తలుపు దగ్గర టికెట్లు కొట్టేవాడు ఒకడు. అతని మొహం చూడలేక రెండేళ్లుగా వెనక తలుపులోంచే ఎక్కుతోంది. మూల మీద మందుల షాపులో పిల్ల ఇంకొకతె. కిందటేడు ఆమెకి బిడ్డ పుట్టింది, తల్లికి ఆ జబ్బు ఉంటే బిడ్డకీ వస్తుందని డిగ్రీలక్క ఆ నెలంతా నిద్రపోలేదు. అయినా వెళ్లి చెప్పలేదు.

పిచ్చుక లేచి చొక్కా చెయ్యి దించుకుంది. నెత్తురు చుక్క అంటిన దూదిని తనే తీసుకెళ్లి బుట్టలో వేసింది.

"డాక్టరుగారికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

పెద్దమ్మా అనలేదు.

"నేనే చెప్తాను," అంది డిగ్రీలక్క.

డాక్టరమ్మ మొదట నమ్మలేదు. వయల్‌ని తనే ఊపి బల్ల మీద పెట్టింది. తెల్లటి తునకలు దిగుతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. మడతలు విప్పితే, కాగితం ఒకవైపు ఇరవై ఏళ్ల కిందటి చార్టు, రెండోవైపు పదిహేడు పేర్లు. కొన్ని పేర్ల పక్కన వీధులు, పనిచేసే చోట్లు ఉన్నాయి.

"వీళ్లందర్నీ పిలిపించాలి. పైకి రాయాలి."

"రాయండి. నా పేరు పెట్టే రాయండి."

డాక్టరమ్మ వయల్‌ని, కాగితాన్ని ఒక కవర్లో పెట్టింది. తలెత్తకుండానే అంది. "మీరు ఇంటికెళ్లండి. ఫ్రిజ్ ముట్టుకోకండి, సాయంత్రం నేను చూసుకుంటాను."

పదేళ్లుగా అక్కా నువ్వూ అన్న నోరు. ఆ మీరు దగ్గర డిగ్రీలక్కకి భూమి చీలితే బాగుండుననిపించింది. చెబితే పాపం పోతుందంటారు. పోలేదు.

గదికి వచ్చి కోటు విప్పి మేకుకి తగిలించింది. గోడ మీది ప్రశంసాపత్రం దించి, మొహం లోపలికి పెట్టి మూలకి చేర్చింది. మూడున్నర అయింది. అలవాటు కొద్దీ చెయ్యి ఫ్రిజ్ పిడి దాకా వెళ్లి ఆగింది. సంచీ భుజాన వేసుకుని, కప్పులు కడిగి వరసగా బోర్లించిన గది ముందు నుంచి తల వంచుకుని నడిచి, బస్టాపుకి వెళ్లింది. బస్సు వస్తే ముందు తలుపు దగ్గర నిలబడింది.

ఐదు గంటలకు ఆమె కోసం టీ తెచ్చినవాళ్లకు గదిలో ఎవరూ కనిపించలేదు. ఫ్రిజ్ తలుపు మీద చార్టులో ఆ రోజు సాయంత్రం గడి ఖాళీగా ఉంది, దాని పక్కన దారానికి పెన్ను వేలాడుతోంది.